నూట పన్నెండో పుటలోని మట్టి పని మేస్త్రి

మా తవ్వకాల శిబిరంలో మట్టి పని మేస్త్రిగా ఉండిన పెద్దమనిషి గత శుక్రవారం ఉదయం శంషాబాద్‌లో, తమ సొంత ఇంట్లో, మొహం కడుక్కుని మంచం మీద కూర్చున్న కాసేపటికి కన్నుమూశారని ఇందుమూలంగా పాఠకులకు తెలియజేస్తున్నాను. ఈ మరణాన్ని మా సంస్థ ఇంతవరకు ధ్రువీకరించలేదు. ఆయన జీవించి ఉన్న విషయాన్ని కూడా సంస్థ ఎన్నడూ ధ్రువీకరించి ఉండలేదు కనుక, విధానంలో ఎటువంటి మార్పూ జరగలేదని గమనించ ప్రార్థన.

కబురు ఆయన కూతురు ఫోనులో చెప్పింది.

"సార్, అబ్బా పోయిండు. జుమ్మా నమాజ్ అయినంక మట్టి ఇస్తరు. మీరొస్తరు గదా?"

వస్తానన్నాను. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"గా కాయితం ఏమన్న వచ్చిందా సార్?"

రాలేదన్నాను.

"సరే," అంది. అప్పుడు పెట్టేసింది.

తండ్రి శవం ఇంట్లో ఉండగా కూతురు అడిగిన కాగితం ఆస్తిది కాదు, పింఛనుది కాదు. మా సంస్థ ముద్రించిన ఒక నివేదికలో నూట పన్నెండో పుటలో ఒక వాక్యం ఉంది. అది తప్పు అని ఒప్పుకునే కాగితం. దానికోసం మేస్త్రి తమ చివరి ఏళ్లలో కాలు నొప్పితో ఎన్నిసార్లు బస్సెక్కి నగరానికి వచ్చారో నాకు తెలుసు. ఎన్నిసార్లు తిరిగి వెళ్లారో కూడా తెలుసు. రెండు అంకెలూ సమానం.

పూర్వాపరాలు క్రమంగా మనవి చేస్తాను.

కొన్నేళ్ల కిందట మా సంస్థ కొత్వాల్‌గూడ అవతల, విమానాలు కిందికి దిగే దారిలో ఉన్న ఒక పెంకుల దిబ్బ మీద వేసవి క్షేత్ర పాఠశాల నడిపింది. పురాతత్వం చదివే పిల్లలకు తవ్వకం అంటే ఏమిటో చేతులతో నేర్పించడం దాని ప్రకటిత లక్ష్యం. అప్రకటిత లక్ష్యం రోమన్లు. అంతకు ముందటి ఏడు ఆ దిబ్బ మీద మేకలు కాసే ఒకాయనకు పాత నాణెం ఒకటి దొరికింది. దాని మీద ముక్కు పొడవైన తల ఉంది. ముక్కును బట్టి అది రోమన్ చక్రవర్తి తల అని మా తవ్వకాల డైరెక్టరుగారు నిర్ణయించారు. రెండువేల ఏళ్ల నాడు రోమన్ ఓడల్లో వచ్చిన సరుకు, బండ్ల మీద దక్కను లోపలి దాకా చేరిందన్నది కొత్త సంగతేమీ కాదు. కానీ డైరెక్టరుగారికి సరుకుతో తృప్తి లేదు. మనుషులే కావాలి. వారు దిబ్బ మొదట్లో 'రోమన్ వర్తక స్థావరం' అని బోర్డు పాతించి, ఆ తరువాత తవ్వకం ప్రారంభించారు. ఫలితాన్ని ముందు ప్రకటించి పరిశోధనను తరువాత చేపట్టడం వల్ల కార్యక్రమాలు సకాలంలో పూర్తవుతాయి.

నేను శిబిర లేఖకుణ్ణి. దినచర్య పుస్తకం రాయడం, దొరికిన పెంకులకు సంఖ్యలు వేయడం, ఉత్తరాలు టైపు చేయడం నా విధులు. మేస్త్రి నన్ను రైటర్ సాబ్ అనేవారు. నేను ఏదో రాస్తాననీ, రాసినది నిలుస్తుందనీ ఆయనకు నా మీద గౌరవం ఉండేది. ఆ గౌరవానికి నేను ఎంత తగినవాణ్ణో కింద తెలుస్తుంది.

మేస్త్రి నలభై ఏళ్లకు పైగా మట్టి పని చేసిన మనిషి. మహేశ్వరం, కందుకూరు దిక్కున బావులు తవ్వించారు, చెరువు కట్టలు వేయించారు, ఆ పొలాలే ప్లాట్లయినప్పుడు వాటికి రోడ్లూ వేయించారు. మా సంస్థ నియామక పత్రంలో పనివారికి రెండే గడులు ఉండేవి: నైపుణ్యం గలవారు, నైపుణ్యం లేనివారు. నైపుణ్యానికి ధ్రువపత్రం జత చేయాలి. మేస్త్రి దగ్గర ధ్రువపత్రం లేదు. ఆయన తవ్విన బావులు ఉన్నాయి గానీ వాటిని జత చేసే వీలు లేదు. రెండో గడిలో టిక్కు పెట్టింది నేనే.

గుంటలోకి దిగే ముందు ఆయన చెప్పులు విప్పి, అంచున జతగా పెట్టేవారు. పిల్లలు అది భక్తి అనుకున్నారు. కూకట్‌పల్లి నుంచి వచ్చిన ఒక విద్యార్థిని తన బూట్లు కూడా విప్పబోతూ, "భూమాతకు నమస్కారమా మేస్త్రిగారూ?" అని అడిగింది. వాళ్లది గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మాట మర్యాదగా ఉండేది.

"అట్లేం లేదు బిడ్డా. రబ్బరుకు ఏం తెలుస్తది? కాలుకైతే తెలుస్తది. ఈడ మెత్తగుంది, ఆడ గట్టిగుంది. మెత్తగున్న కాడ ఎవలో మన కన్న ముందు తవ్వి నింపిండ్రన్నట్టు."

ఆమె వట్టి కాళ్లతో దిగింది. ఎండకు కాలిన మట్టి మీద రెండడుగులు వేసి కెవ్వుమంది. మేస్త్రి నవ్వకుండా ఒక తట్టెడు తడి మట్టి తెప్పించి ఆమె ముందు పోయించారు. "ఫస్ట్ క్లాస్ పాస్," అన్నారు.

మా నెత్తి మీదుగా విమానాలు చాలా తక్కువ ఎత్తులో వెళ్లేవి. పిల్లలు తలలెత్తి అది ఏ కంపెనీదో పందెం వేసుకునేవారు. మేస్త్రి తల ఎత్తేవారు కాదు. మాట్లాడుతున్నవారు ఆగి, విమానం పోయాక, ఆగిన మాట దగ్గరి నుంచే మళ్లీ అందుకునేవారు. 'మట్టి రంగు' అని మొదలుపెట్టి మధ్యలో విమానం వస్తే, అది దిగిపోయాక 'మారింది' అనేవారు. ఇంత క్రమశిక్షణ గల వాక్యాలు నేను మా కార్యాలయంలో ఏ ఫైలులోనూ చూడలేదు.

ఇక అసలు సంగతి. మొదటి గుంట మోకాటి లోతు దిగేసరికి, దాని నడిమధ్య ఒక మట్టి దిమ్మె నిలబడి ఉంది. చదరంగా, మూరెడు వెడల్పున, పైన గడ్డి కూడా అలాగే ఉంచి, చుట్టూ తవ్వారు. పురాతత్వ పద్ధతి ప్రకారం గుంటల మధ్య గట్లు వదులుతారు గానీ గుంట మధ్యలో దిమ్మె వదలరు. పిల్లలు ముసిముసిగా నవ్వారు. గుంటూరు అమ్మాయి సున్నితంగా చెప్పింది.

"మేస్త్రిగారూ, మధ్యలో కొంచెం మర్చిపోయారండీ."

"మర్చిపోలే బిడ్డా. గిది గవాయి."

"అంటే?"

"సాక్షి. మట్టి పనిల గిట్లనే ఉంచుతం. రేపు నువ్వు ఎంత లోతు తవ్వినవ్ అని ఇంజినీర్ సాబ్ అడుగుతడు. నేను చెప్తె నమ్మడు. నువ్వు చెప్తె నమ్మడు. గవాయి పక్కన టేపు పెడ్తె ఇగ మాట్లాడడు. పని కొలిచి సంతకం పెట్టిందాంక దాన్ని ముట్టద్దు. ముట్టినోడు మేస్త్రి కాదు."

ఇదే ఆయన వృత్తి ధర్మం మొత్తం. నలభై ఏళ్లలో తన ముఠాలో చేరిన ప్రతివాడికీ మొదటి రోజు ఆయన చెప్పిన మాట అదే. నేను దాన్ని మళ్లీ మళ్లీ విన్నాను కనుక ఉన్నదున్నట్టు రాయగలుగుతున్నాను.

నాలుగో వారం నాటికి దిమ్మె మనిషి నడుము దాటింది. గుంట అంతా తవ్వుకుంటూ పోయారు కనుక పై పొరలు అప్పటికే తట్టల్లోకెక్కి పోయాయి. కానీ దిమ్మె పక్కలు చూస్తే ఏ పొర కింద ఏ పొర ఉందో పుస్తకంలా చదువుకోవచ్చు. ఒక ఉదయం మేస్త్రి చీపురు పుల్లలతో దాన్ని దులుపుతూ ఆగిపోయారు. ఏదో పాత ఇంటి సున్నపు గచ్చు ఒకటి దిమ్మెలో అడ్డంగా, పగలకుండా, తెల్లటి గీతలా ఉంది. ఆ గచ్చుకు జానెడు కింద ఎర్రటి పెంకు ఒకటి తొంగి చూస్తోంది. బొటనవేలు తడి చేసి ఆయన దాన్ని రుద్దారు.

"రైటర్ సాబ్, జర ఇటు రండ్రి. గిది మన మట్టి కాదు."

"ఎలా తెలుసు?"

"మహేశ్వరం మట్టి నాకెర్క. కందుకూరు మట్టి ఎర్క. మూసీ పక్క మట్టి ఎర్క. గిండ్ల నల్ల ఇసుక ఉన్నది సూడుండ్రి, మిరియాల పొడి లెక్క. గిసొంటి మట్టి నేను ఏడ తవ్వలే."

అది కూజా చెవి. రోమన్ల దేశపు ద్రాక్షసారా కూజాకు రెండు వైపులా ఉండే చెవుల్లో ఒకటి. అక్కడి అగ్నిపర్వతాల దగ్గరి మట్టిలో ఆ నల్ల ఇసుక ఉంటుందని పుస్తకాలలో ఉంది. ఆ పుస్తకాలు చదివినవారు శిబిరంలో కనీసం పదిమంది ఉన్నారు. చదవని ఒక్కరు కనిపెట్టారు.

దాని విలువ చెవిలో లేదు, చోటులో ఉంది. గచ్చు పగలకుండా ఉంది. చెవి గచ్చు కింద ఉంది. అంటే గచ్చు వేయడానికి ముందే ఆ కూజా ఆ ఇంటికి వచ్చింది. ఇది రుజువైతే ఆ దిబ్బకు ఒక కాలం ఏర్పడుతుంది. ఇంత చిన్న సంగతి కోసమే ప్రపంచంలో తవ్వకాలు జరుగుతాయి. మేస్త్రి చెవిని కదపనివ్వలేదు. "కొలిచినంక తియ్యుండ్రి," అన్నారు. మరుసటి రోజు కొలిచి, బొమ్మ గీసి, ఫోటో తీయాలని నిర్ణయమైంది. వార్త ముందే బయటికి పొక్కకూడదని డైరెక్టరుగారు మా అందరి ఫోన్లూ డేరాలో ఒక డబ్బాలో పెట్టించి తాళం వేయించారు గనుక, అప్పటికప్పుడు ఎవరూ ఫోటో తీయలేకపోయారు.

మరుసటి రోజు కొలత జరగలేదు. నగరం నుంచి ఒక ముఖ్య అతిథి వస్తున్నారని కబురొచ్చింది.

డైరెక్టరుగారు గుంట అంచున నిలబడి, వేళ్లతో ఫోటో చట్రం కట్టి చూసుకున్నారు. వారు కోస్తా మర్యాదలో పెరిగినవారు. కోపం వచ్చినా 'అండీ' వదలరు.

"మేస్త్రీ, ఈ దిమ్మె తీయించేయాలండీ. అతిథిగారు గుంటలో నిలబడితే బ్యానరుకు అడ్డం వస్తుంది."

"కొలవలే గద సాబ్."

"తరువాత చూసుకుందాం."

"తీసినంక ఏం జూస్తం సాబ్? గవాయిని కొట్టి పంచాయితీ పెడ్తరా?"

డైరెక్టరుగారు చిరునవ్వు నవ్వి, ట్యాంకరు రాలేదు, అతిథిగారికి చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేవు, శంషాబాద్ వెళ్లి వెంటపెట్టుకుని రండి అన్నారు. మేస్త్రి వెళ్లారు. దినచర్య పుస్తకంలో నేనే రాశాను: 'మేస్త్రి, ట్యాంకరు నిమిత్తం, శంషాబాద్.' వెళ్లిన సమయం కూడా రాశాను. పందిరి వేయడానికి వచ్చిన మనుషుల చేత డైరెక్టరుగారు దిమ్మెను కొట్టించారు. గుంజలు పాతే గడ్డపారతో నాలుగు పోట్లు పడ్డాయి. గచ్చు పొడి అయింది. చెవి దొర్లి వచ్చింది. దాన్ని కడిగి, మఖమల్ గుడ్డ మీద పెట్టారు. నేను గుంట అంచున, చేతిలో పెన్నుతో, ఇదంతా చూస్తూ నిలబడ్డాను. గుంటూరు అమ్మాయి ఒక్కతే, "సార్, ఆగండి సార్," అంది. ఆమెను పూలగుచ్ఛం పట్టుకోవడానికి పంపారు.

అతిథిగారు వచ్చి చెవిని చూసి, ఇది దేనిదని అడిగారు. రోమన్ల సారా కూజాదని చెప్పగా, "అప్పుడు కూడా మన దగ్గర దిగుమతి మందే నడిచిందన్నమాట," అన్నారు. అందరం నవ్వాం. ఆ 'అందరం'లో నేనున్నాను.

మేస్త్రి ట్యాంకరు ముందు సీట్లోంచి దిగి గుంట దగ్గరికి వచ్చారు. చెప్పులు విప్పలేదు. దిమ్మె ఉండిన చోటును చూసి, నన్ను చూసి, అడిగారు.

"ఎవలు?"

చెప్పాను.

"మీరున్నరా?"

"ఉన్నాను."

మేస్త్రి ఆ పూట కూలి ముఠాతో కలిసి కుర్చీలు ఎత్తారు.

శిబిరం ముగిశాక డైరెక్టరుగారు ఒక సభలో ఆ చెవిని గురించి ప్రసంగించారు. ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ ఒకరు లేచి, ఒకే ప్రశ్న వేశారట: గచ్చు పైన దొరికిందా, కింద దొరికిందా? చూపించడానికి ఫోటో లేదు, కొలత లేదు, దిమ్మె లేదు. గుంటూరు అమ్మాయి జ్ఞాపకం మీద గీసిచ్చిన బొమ్మను 'అనధికారికం' అన్న వ్యాఖ్యతో అప్పటికే వెనక్కి పంపి ఉన్నారు. కనుక నివేదికలో ఒక సంజాయిషీ అవసరమైంది. డైరెక్టరుగారు కిటికీ దగ్గర నిలబడి చెబుతుంటే నేను టైపు చేశాను.

'మట్టి పని మేస్త్రి అజాగ్రత్త వల్ల సదరు వస్తువు యొక్క స్థానం చెదిరిపోయింది.'

నా వేళ్లు ఆగాయి. ఆగాయని నాకు ఏదో గొప్ప ఆపాదించుకోవడం లేదు, మళ్లీ కదిలాయి.

"అయ్యా, ఆ సమయంలో మేస్త్రి అక్కడ లేరు కదండీ."

"ఎవరి పేరైనా రాశామా?"

"లేదు. కానీ మేస్త్రి ఒక్కరే కదండీ."

"పేరు లేనప్పుడు ఎవరికి నష్టమండీ? తరువాతి వాక్యం వేయండి."

తరువాతి వాక్యం, డైరెక్టరుగారి సునిశిత దృష్టి వల్ల ఆ కూజా చెవి వెలుగులోకి వచ్చిందని చెబుతుంది. అదీ వేశాను.

నివేదిక మంచి కాగితం మీద అచ్చయింది. ఒక ప్రతి తీసుకుని శంషాబాద్ వెళ్లాను. ఆయనకు తెలియకుండా ఉంచేవాణ్ణేమో, కానీ పక్క జిల్లాలో మొదలైన మరో తవ్వకానికి ఆయన పని అడగబోతే, 'మీ గురించి పుస్తకంలో ఉందట' అని వెనక్కి పంపారు. పుస్తకంలో ఏముందో చదివి చెప్పమని ఆయనే కబురు పెట్టారు. వాకిట్లో మంచం వేశారు. చదివాను. మళ్లీ చదవమన్నారు. మూడోసారి చదివాక అడిగారు.

"గీ మాట మీరే కొట్టిండ్రా మిషన్ మీద?"

"అవును."

"అక్షరాలు సాఫ్‌గ ఉన్నయ్," అన్నారు.

నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన ప్రశంస అదొక్కటే. దాన్ని మోయడం కష్టంగా ఉంది.

తరువాత ఆయన చెప్పిన మాటలు పాఠకులు జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను. "పనికి పిలవకుంటే మానె. బతికినన్నొద్దులు బతికిన. గని నా చేతి కింద పని నేర్సినోళ్లు యాభైమందికి తక్కువ లేరు. ఒక్కొక్కనికి చెప్పిన, గవాయిని ముట్టద్దని. రేపు ఎవడన్న వాండ్లతోని అంటడు, మీ మేస్త్రే కొట్టిండట, బుక్కుల రాసున్నది అని. ఇగ వాండ్లు నా మాట ఎందుకింటరు సాబ్?"

ఆయన అడిగినది ఇంతే. ఆ వాక్యం తీసేయాలి. నష్టపరిహారం వద్దు, సన్మానం వద్దు, కూజాను కనిపెట్టింది తానేనని రాయమని కూడా అనలేదు. మా సంస్థ ఈ కోరికకు ఇచ్చిన జవాబులను వరసగా సమర్పిస్తున్నాను. చదివి వినిపించింది నేనే కనుక కంఠస్థమయ్యాయి.

మొదటి అర్జీకి జవాబు: నివేదికలో ఏ వ్యక్తి పేరూ పేర్కొనబడనందున అర్జీదారు బాధితుడుగా పరిగణింపబడజాలడు.

"అంటే నన్ను అనలేదంటరా?"

"అలాగే అంటున్నారు."

"మరి ఎవల్నన్నరు?"

"ఎవరినీ కాదట."

"ఎవల్ని కాకుంటె కొట్టేస్తె ఏం పోతది?"

ఈ ప్రశ్నకు ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలు, న్యాయస్థానాలు కలిసి కూర్చున్నా జవాబు చెప్పలేవని నా నమ్మకం.

రెండో అర్జీలో ఆయన, అయితే నా పేరు వేయండి, అప్పుడు బాధితుణ్ణి అవుతాను అని రాయించారు. జవాబు: నివేదికలలో శ్రామికుల పేర్లు చేర్చు సంప్రదాయం లేదు. మూడో అర్జీలో దినచర్య పుస్తకం తీసి చూడమని కోరాం. జవాబు: సదరు పుస్తకం అందుబాటులో లేదు. నాలుగో దానికి వచ్చిన ఉత్తరం మొదటి పేరాలో, రెండవ ముద్రణ సందర్భంగా విషయం సానుభూతితో పరిశీలింపబడునని ఉంది. రెండో పేరాలో, రెండవ ముద్రణ ప్రతిపాదన ఏదీ లేదని ఉంది.

అజాగ్రత్త అన్న మాటకు అర్థం మా సంస్థలో ఎవరికైనా తెలుసా అని నేను అడుగుతున్నాను. గుంటలోకి దిగే ముందు చెప్పులు విప్పే మనిషిది అజాగ్రత్త. ఫోటో కోసం రెండువేల ఏళ్ల గచ్చును పందిరి గడ్డపారతో పొడిపించినది సునిశిత దృష్టి. ఆ దృష్టి గలవారు ఇప్పుడు మరింత పెద్ద కుర్చీలో ఉన్నారు. దిబ్బ చుట్టూ ప్రహరీ కట్టి ప్లాట్లు వేశారు. రోమన్లు ఉంటే వారికి కూడా ఒకటి దక్కేది కాదు, ధరలు అలా ఉన్నాయి.

నేనేం చేశానని పాఠకులు అడగవచ్చు. మూడో అర్జీకి నా సాక్ష్యపత్రం జత చేశాను: మేస్త్రి లేరు, దిమ్మెను కొట్టించింది డైరెక్టరుగారు, నేను చూశాను. ఆ మూడు ముక్కలు రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో నా కాంట్రాక్టు రెండుసార్లు పునరుద్ధరింపబడింది. పత్రం ఇచ్చాక పునరుద్ధరింపబడలేదు. ఈ రెండు సంగతుల మధ్య సంబంధం లేదని రాతపూర్వకంగా తెలియజేశారు.

మేస్త్రి ఆ రెండేళ్ల సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. పత్రం ఇచ్చివచ్చిన రోజు మాత్రం, "చాయ్ తాగి పోండ్రి," అన్నారు. అంతకు ముందు వెళ్లినప్పుడల్లా చాయ్ కూతురు ఇచ్చేది. ఆ రోజు ఆయనే లేచి, గోడ పట్టుకుని నడిచి, పెట్టుకొచ్చారు. చక్కెర ఎక్కువైంది. తాగాను.

శుక్రవారం మట్టికి వెళ్లాను. ఆయన ముఠాలో పనిచేసినవారు చాలామంది వచ్చారు. కొందరు తలలు నెరిసినవారే. గుంటూరు అమ్మాయి ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆడవాళ్లతో పాటు ఇంట్లోనే కూర్చుంది. నేను తిరిగి వస్తుంటే కూతురు గడప దాకా వచ్చింది.

"ఇగ అర్జీ పెట్టెటోళ్లు కూడ లేరు గదా సార్. బంద్ చేస్తరా వాండ్లు ఫైలు?"

అర్జీదారు మరణించిన కారణంగా ఫైలు ముగించడమైనది అన్న వాక్యం ఏ టైపులో ఎలా కనిపిస్తుందో నాకు బాగా తెలుసు.

సోమవారం ఉదయం పది గంటలకు మా సంస్థ గ్రంథాలయానికి వెళ్లాను. ఉద్యోగం పోయినా చదువరి సభ్యత్వం మిగిలింది. నివేదిక తీయించి, నూట పన్నెండో పుట తెరిచి, కొలబద్ద పెట్టి, సిరా పెన్నుతో ఆ వాక్యాన్ని కొట్టేశాను. పక్కన 'అబద్ధం' అని రాసి, నా సంతకం చేసి, తేదీ వేశాను. పెన్సిల్ వాడలేదు. అది చెరిగిపోతుంది.

గ్రంథాలయంలో పనిచేసే ఆమె కౌంటరు వెనక నుంచి చూస్తూనే ఉంది. వచ్చి నిలబడింది.

"గిదేంది సార్? లైబ్రరీ బుక్కు మీద గిట్ల రాస్తరా? మీరు పెద్దోళ్లు, ఈడ పనిచేసినోళ్లు."

"తప్పే అమ్మా. నష్టాల రిజిస్టరులో ఎక్కించండి."

"సభ్యత్వం పోతది సార్."

"పోనీయండి. ఎక్కించండి."

ఆమె నా మొహం చూసి, వెళ్లి పొడుగాటి రిజిస్టరు తెచ్చింది. పుస్తకం పేరు, పుట సంఖ్య, నష్టం వివరం, కారణం, అధికారి సంతకం అని గడులున్నాయి. రెండు గడులు తానే నింపింది. మూడో దాంట్లో 'గీత' అని రాసింది. నాలుగో దాంట్లో అడ్డగీత పెట్టబోయింది.

"కారణం గడి ఖాళీగా వదలకూడదమ్మా. నేను చెబుతాను, రాయండి. 'ఈ వాక్యం అబద్ధం. ఆ సమయంలో మట్టి పని మేస్త్రి అక్కడ లేరు. దిమ్మెను కొట్టించినది తవ్వకాల డైరెక్టరు. చూసి ఊరుకున్నది, దీన్ని టైపు చేసినది, ఇప్పుడు కొట్టేసినది కింద సంతకం చేసిన వ్యక్తి.'"

"గింత రాయాల్నా? గంత జాగ లేదు సార్."

"చిన్న అక్షరాలతో రాయండి."

ఆమె రాసింది. రాస్తూ రాస్తూ మధ్యలో పెన్ను ఎత్తింది.

"మట్టి పని మేస్త్రి అంటె ఎవలు సార్? రేపు ఆడిటోళ్లు అడుగుతరు. ఉత్త మేస్త్రి అంటె నడ్వది. పేరు జెప్పుండ్రి."

చెప్పాను. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు శంషాబాద్. ఆమె ఒక్కొక్క అక్షరం పలుక్కుంటూ రాసింది. కారణం గడిలో చోటు చాలలేదు. పేరు సగానికి వచ్చేసరికి గీత దాటింది; ఆమె ఆగలేదు, పక్కనే ఖాళీగా ఉన్న అధికారి సంతకం గడిలోకి మిగతా సగం రాసుకుంటూ పోయింది. సంస్థ గుండ్రటి ముద్రను సిరా మెత్తకు అద్ది, చూసుకుని, ఆ పేరు చివర ఒత్తి పట్టుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. సిరా ఆరేదాకా పుట లేవకుండా, రెండో అరచేతిని దాని మీద ఆనించి, అలాగే నిలబడింది.